ఎంకుస్ పెట్టని గ్యాప్

సెప్టెంబర్ 4, 2003. గురువారం

మళ్ళీ అక్కడే ఆగింది.

చిసురుపాన్ ఊరు దాటాక రోడ్డు ఎడమకి తిరిగి ఒక్కసారిగా పైకి లేస్తుంది కదా, అక్కడ. వెనక సీట్ల నిండా జనం, టాప్ మీద ఖాళీ క్యాబేజీ బుట్టలు. సెకండ్ గేర్‌లో బాగానే ఎక్కుతోంది. ముందు దగ్గింది. తర్వాత కుదిపింది. తర్వాత ముసలాడు కుర్చీలో కూలబడ్డట్టు ఆగిపోయింది.

ఈ ప్యాసింజర్ వ్యానుకి ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. నా పక్కన కూర్చున్నవాళ్ళని వానలోకి దింపితే గాని మూత తెరవలేను. దిగుతూ ఒకావిడ, ఆడది నడుపుతోందని ముందే చూసుంటే ఎక్కేదాన్నే కాదు అంది. అన్నది ఆడదే.

సాయంత్రం గరుత్ టెర్మినల్లో హాజీ ఒమాన్ పిలిచాడు. గరుత్ నుంచి కొండ మీది చికాజంగ్‌కి నడిచే మా లైను బండ్లకి పెద్ద ఆయనే. అరవలేదు. మంచినీళ్ళు ఇచ్చి మరీ చెప్పాడు. "ఇమాస్, నీ వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. ఇంకొక్కసారి ఆ మలుపులో దారికడ్డం పడ్డావంటే ఈ రూటులో నీ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తా. రాబోయే పండగ రద్దీలో నాకు ఈ తలనొప్పి వద్దు." చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు. ఆయన చెడ్డవాడు కాదు.

ఇదంతా వింటున్నాడు ఎంకుస్. టెర్మినల్ గేటు పక్కనే వాడి గ్యారేజీ. ఏదో బండి కింద పడుకుని, కాళ్ళు మాత్రమే బయటికి పెట్టి అరిచాడు: "నేను స్పార్క్ ప్లగ్గులకి గ్యాప్ పెట్టినన్నాళ్ళు గుర్రంలా ఎక్కింది. అది నన్ను వదిలేసింది, బండి దాన్ని వదిలేసింది."

అందరూ నవ్వారు. టీ కొట్టువాడు కూడా.

నేను వదిలెయ్యలేదు. నలభై దాటాక వాడికి మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనిపించింది. ఇంట్లో పెళ్ళాం ఉన్న సంగతి గుర్తు రాలేదు. బండి మా నాన్నది కాబట్టి నాతో వచ్చింది. గ్యారేజీ వాడిది కాబట్టి వాడి కొత్త పెళ్ళాం ఆ లిలిస్ పాలైంది.

ఈ లైనులో బండ్లన్నిటికీ ప్లగ్గులు పెట్టేది వాడే. నేను వెళ్ళను. చచ్చినా వెళ్ళను. బండి చచ్చినా వెళ్ళను.

సెప్టెంబర్ 6. శనివారం

గ్యాప్ కొలవడానికి ఫీలర్ గేజ్ కొన్నాను. విసనకర్రలా విచ్చుకునే స్టీలు రేకులు, ఒక్కోదాని మీద దాని మందం. షాపువాడు మీ ఆయనకా అన్నాడు. నాకు అన్నాను. ఇంకోసారి తిప్పి అడిగాడు, మీవాళ్ళెవరికైనానా అని. నాకే అన్నాను.

మధ్యాహ్నం ఇంజన్ పూర్తిగా చల్లారాక ఇంటి ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక ప్లగ్గు తియ్యడం, చూడటం, మళ్ళీ బిగించడం, ఆ తర్వాతే రెండోది. అన్నీ ఒకేసారి పీకితే వైర్లు కలిసిపోతాయి. వాడి పక్కన ఏళ్ళ తరబడి టార్చి పట్టుకుని నిలబడినదాన్ని, ఆ మాత్రం తెలీదా.

మధ్యలో నిలువు పిన్ను. దాని మీదికి వంగిన కొక్కెం. వాటి మధ్య సందు సున్నా పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువైతే కొక్కేన్ని నేలకి మెల్లగా తట్టాలి, తక్కువైతే పైకి లేపాలి. నిలువు పిన్నుని మాత్రం ముట్టుకోకూడదు, పింగాణీ చిట్లుతుంది. రేకు దూర్చితే వదులుగా జారకూడదు, ఇరుక్కోకూడదు. తడి వేలికి ఉంగరం ఎక్కినట్టు ఎక్కాలి.

నాలుగూ అలాగే ఎక్కాయి. చేతులు నల్లగా అయ్యాయి. చాలా రోజులకి కడుపునిండా అన్నం తిన్నాను.

సెప్టెంబర్ 7

టౌనంతా తిప్పాను. గంట మోగినట్టుంది ఇంజన్. ఎంకుస్, వింటున్నావా.

సెప్టెంబర్ 10. బుధవారం

చదును రోడ్డు మీద గంట మోత. ఎక్కుడులో దగ్గు.

అదే మలుపు. ఆగలేదు గాని ఆగినంత పనైంది. ఫస్ట్ గేర్‌లో, క్లచ్ కాలిన వాసనతో, పాకుతూ వెళ్ళాను. వెనక ఎవరో ముసలాయన ప్రార్థనలు మొదలుపెట్టాడు. నోరు మూసుకోమన్నాను. పెద్దాయన్ని అలా అని ఉండకూడదు.

ఇంటికొచ్చి మళ్ళీ కొలిచాను. ఎనిమిదే. అన్నీ ఎనిమిదే. అయితే ఎందుకు?

సెప్టెంబర్ 12. శుక్రవారం

నాకు తెలిసిపోయింది. వాడే చేస్తున్నాడు. బండి టెర్మినల్లో పెట్టి నేను తిండికి వెళ్ళినప్పుడు మూతెత్తి ఏదో కెలుకుతున్నాడు.

నమాజు అయి మగాళ్ళంతా మసీదు నుంచి వస్తుంటే అందరి ముందూ అడిగేశాను. "నా బండి ప్లగ్గులు ముట్టుకున్నావా, లేదా?"

"నీ బండి ముట్టుకుంటే చెయ్యి సబ్బుతో కడుక్కోవాలి" అన్నాడు.

"మొహం కడుక్కో ముందు."

"నువ్వు గ్యాప్ పెట్టడమేంటే? నీ నోటికే సరైన గ్యాప్ పెట్టలేకపోయాను నేను."

జనంలో మళ్ళీ నవ్వు. అప్పుడు గ్యారేజీ గుమ్మంలో లిలిస్ కనబడింది. మోచేతుల దాకా కిరోసిన్. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆ అక్కలో ఆవాలు వేస్తే చిటపటలాడతాయి.

"ఆయన నీ ప్లగ్గులు పాడుచేశాడా?" అని నవ్వింది. "అక్కా, ఆయనకి అసలు..."

ఎంకుస్ అటు చూశాడు. అది లోపలికెళ్ళిపోయింది.

అసలు ఏమిటి?

సెప్టెంబర్ 18. గురువారం

రాయాలి. రాస్తే గాని ఈ మంట చల్లారదు.

పొద్దున్న బండి నిండింది. ముందు సీటు ఒక్కటే ఖాళీ. బయల్దేరుతుంటే తలుపు తీసుకుని ఒక సంచితో లిలిస్ ఎక్కింది.

వేరే బండి ఎక్కు అన్నాను.

"వేరే బండ్లవాళ్ళంతా ఆయన దోస్తులు. సగం దారిలో నన్ను వెనక్కి తెచ్చి దింపుతారు. నీకైతే ఆయనంటే అసహ్యం కదా అక్కా. నువ్వు దింపవు" అంది.

చికాజంగ్‌లో వాళ్ళమ్మ దగ్గరికి పోతోందట. ఇల్లొదిలేసి. లోపల నాకు పండగే. కాని పక్కన కూర్చున్నదాన్ని చూడబుద్ధి కాలేదు. ఎందుకు వచ్చేశావని అడిగాను. నువ్వెందుకు వచ్చావో అందుకు మాత్రం కాదు అంది. నా మొగుణ్ణి లాక్కున్నదానివి అన్నాను. "తాడు కట్టి లాక్కురాలేదు. తనే నడుచుకుంటూ వచ్చాడు. నేనూ ఇప్పుడు నడుచుకుంటూ పోతున్నాను" అంది. వెనక సీట్లలో అందరూ చెవులు ఇటే పెట్టారు.

చిసురుపాన్ దాటాం. దగ్గింది.

"పక్కకి తీసెయ్. ఇప్పుడే. ఆగకముందే తియ్యి" అంది లిలిస్.

వేయించిన టోఫు అమ్మే పాక ముందు కొంచెం చోటుంది. అక్కడికి తీశాను. ఇంజన్ పోయింది. దారి మాత్రం వదిలాను. వెనక వచ్చే బండ్లు హారన్ కొడుతూ పోతున్నాయి. వాటిలో ఏ ఒక్కడు ఆగి చూసినా హాజీ చెవిన పడుతుంది.

అది నన్ను అడగలేదు. సీటెత్తింది, సంచిలోంచి పాత లుంగీ తీసి చేతికి చుట్టుకుంది, నా పానాతో కాలుతున్న ప్లగ్గుని విప్పింది. వెలుగులోకి పెట్టి చూసింది.

"ఎవరు పెట్టారు ఇది?"

"నేను. ఎనిమిది. కొలిచాను."

"కళ్ళతో కొలిచావా, కోపంతో కొలిచావా?"

నా చేతిలో పానా ఉండుంటే ఏమయ్యేదో.

"ఇటు చూడు" అంది. "కొక్కెం కింద గుంట పడింది. అరిగిపోయింది. నీ రేకేమో బల్లపరుపు. గుంట అంచుల మీద ఆనుకుని కూర్చుంటుంది, లోపల లోతు దానికి తెలీదు. అది ఎనిమిది అంటుంది గాని లోపల పదికి పైమాటే. చదునులో సరిపోతుంది. ఎక్కుడులో బరువు లాగుతుంటే ఇంజన్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. నిప్పురవ్వ అంత దూరం దూకలేదు. చచ్చిపోతుంది."

ప్లగ్గు నాకిచ్చింది. చూశాను. గుంట లేదు. బూడిదరంగు మచ్చ ఉంది. దగ్గరికి తెచ్చుకుంటే మచ్చ పెద్దదైంది. దూరంగా పట్టుకున్నాను. ఇంకొంచెం దూరంగా.

"నీకు కనబడటం లేదు" అంది.

"కనబడుతోంది."

అప్పుడు నన్ను చూసిన చూపు మర్చిపోలేను. జాలి కాదు. జాలైతే చెంప పగలగొట్టేదాన్ని. అలసట.

"ఆయనా ఇంతే" అంది. "ఇదే చెయ్యి చాపడం. ఇదే అబద్ధం. దేవుడు మీ ఇద్దరికీ జోడీ సరిగ్గానే కుదిర్చాడు. మధ్యలో నన్నెందుకు ఇరికించాడో."

అప్పుడు చెప్పింది. ఎంకుస్ ప్లగ్గు పెట్టక మూడేళ్ళయిందట. దగ్గరవి ఏవీ కనబడవు. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాడంటారని పెట్టుకోడు. గ్యారేజీ వెనక గదిలో లిలిస్ పెట్టి ఇస్తుంది, వాడు బయటికి తెచ్చి బిగిస్తాడు. డ్రైవర్లందరూ ఎంకుస్ వేళ్ళని పొగుడుతారు. నిన్న ఒకడు ఈ చేతికి బంగారు తొడుగు చేయించాలన్నాడట. ఎంకుస్ చెయ్యి ముందుకి చాపి, వేళ్ళు విప్పి చూపించాడట. లిలిస్ పక్కనే నిలబడి ఉందట. ఒక్కసారి నా పేరు చెప్పు, ఒక్కసారి చాలు అని అడిగిందట. ఆడదాని చెయ్యి పడిందంటే బండ్లు రావు అన్నాడట.

ఇంత చెబుతూనే సన్నటి ఆకురాయితో పిన్నునీ కొక్కేన్నీ చదును చేసింది. సంచిలోంచి గుండ్రటి తీగలున్న గేజ్ తీసింది. రేకు కాదు, తీగ. గ్యారేజీలో ఉన్న ఒక్కటీ పట్టుకొచ్చేసిందన్నమాట. తీగ దూర్చి, కొక్కేన్ని తట్టి, మళ్ళీ దూర్చింది. నాలుగింటికీ చేసింది. టోఫు పాక ముసలమ్మ పొట్లంలో టోఫు కట్టిస్తే నాలిక్కి తగలకుండా మింగింది.

"ఇవి ఈవేళ్టికే. కొత్తవి కొను. కొత్తవే కదా అని డబ్బాలోంచి తీసి అలాగే బిగించకు. అవీ కొలవాలి."

బండి ఎక్కింది. ఆ మలుపులో, నిండు బరువుతో, పైకి.

థ్యాంక్స్ చెప్పలేదు. చికాజంగ్‌లో లిలిస్ దిగి ఛార్జీ ఇచ్చింది. తీసుకున్నాను.

సెప్టెంబర్ 19

ఈవేళ కూడా ఎక్కింది, పాట పాడుకుంటూ. ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం కొత్త ప్లగ్గులు కొని, అది చెప్పినట్టే కొలిచి బిగించాను.

సెప్టెంబర్ 28. ఆదివారం

ఎంకుస్ గ్యారేజీ ముందు నిన్న రెండు బండ్లు, ఈవేళ మూడు, అన్నీ తిరిగొచ్చినవే. ఒకడికి స్టార్టింగే లేదు. వాడి ప్లగ్గు ఒకటి కిందపడి కొక్కెం పూర్తిగా మూసుకుపోయిందట, ఎంకుస్ చూడకుండా అలాగే బిగించేశాడట. డ్రైవర్లు పెట్రోల్ కల్తీ అంటున్నారు. ఎంకుస్ కూడా పెట్రోల్ కల్తీ అంటున్నాడు.

నేను టీ కొట్టు దగ్గర కూర్చుని రెండు ప్లేట్లు పకోడీలు తిన్నాను. సంబల్ కారం వేసుకుని. నిజం చెప్పొచ్చు. చెప్తే లిలిస్‌కి మంచి జరుగుతుంది. చెప్పలేదు.

అక్టోబర్ 1. బుధవారం

నా బండి దగ్గరికి వచ్చాడు. విడిపోయాక మొదటిసారి. కిటికీలోకి కాదు, అద్దంలోకి చూస్తూ మాట్లాడాడు.

"రోజూ పైకి వెళ్తావుగా. దాన్ని ఇంటికి రమ్మని చెప్పు."

నీ నోరేమైందన్నాను. వెళ్ళాడట. వాళ్ళమ్మ తలుపు తియ్యలేదట. కుక్కని వదిలిందట.

అలాగే అన్నాను. పైకెళ్ళి చెప్పాను. "రమ్మన్నాడు. వండేవాళ్ళు లేరట, బట్టలు పేరుకుపోయాయట." బట్టల మాట వాడు అనలేదు. నేను కలిపాను.

లిలిస్ బంగాళాదుంపలు కడుగుతోంది. తల ఎత్తలేదు. "టెర్మినల్లో అందరి ముందూ చెప్పమను, ప్లగ్గులు ఎవరు పెట్టేవాళ్ళో. అప్పుడు వస్తా" అంది.

కిందికొచ్చి చెప్పాను. "నలుగురి ముందూ ఒప్పుకోమంది. గుడ్డి గాడిద అని కూడా అంది." అది అనలేదు. అదీ నేనే.

ఈ ఉద్యోగం నాకు నచ్చింది.

అక్టోబర్ 9

వారం నుంచి వాళ్ళ మాటలు మోస్తున్నాను. కింద కారం చల్లి పైకి, పైన కారం చల్లి కిందికి. ఈవేళ లిలిస్ అడిగింది: "అక్కా, ఇందులో ఆయనవెన్ని, నీవెన్ని?"

సగం సగం అన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు.

అక్టోబర్ 11

హాజీ ఒమాన్ బండి ఆగింది. నా మలుపులోనే.

అక్టోబర్ 16. గురువారం

ఎంకుస్ నా బండి ఎక్కాడు. వెనక సీటులో, కోళ్ళ బుట్ట పక్కన. ఉతికిన చొక్కా. మలుపు దగ్గర అద్దంలో చూశాను. కళ్ళు మూసుకుని ఇంజన్ వింటున్నాడు. ఒక్కసారి మిస్ కొడితే బాగుణ్ణనుకున్నట్టుంది వాడి మొహం. నేనూ అదే అనుకున్నాను, ఎందుకో తెలీదు. కొట్టలేదు.

చికాజంగ్‌లో పొగమంచు. లిలిస్ వాళ్ళమ్మ ఇల్లు స్టాండు పక్కనే. వాకిట్లో బల్ల వేసుకుని, బల్ల మీద ప్లగ్గులు వరసగా పెట్టుకుని కూర్చుంది. మూడు బండ్లు మూతలెత్తి ఉన్నాయి. మా లైనువాళ్ళవే. దొంగచాటుగా వచ్చి చేయించుకుంటున్నారు. హాజీ ఒమాన్ కాఫీ గ్లాసుతో అరుగు మీద ఉన్నాడు. ఎంకుస్‌ని చూసి అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

"ఇంటికి పద" అన్నాడు ఎంకుస్.

లిలిస్ బల్ల మీంచి ఒక ప్లగ్గు తీసి వాడి చేతిలో పెట్టింది. "దీనికేమైందో చెప్పు. వస్తా."

చెయ్యి చాపాడు. పూర్తిగా చాపాడు. తల వెనక్కి వంచాడు. ఎంతసేపు చూశాడో. "గ్యాప్ కొంచెం ఎక్కువుంది. మిగతాదంతా బాగుంది" అన్నాడు.

ఆ ప్లగ్గు లాక్కుని నాకిచ్చింది లిలిస్. "నువ్వు చెప్పక్కా."

నా ప్రమేయమేమిటి ఇందులో? కాని అందరూ చూస్తున్నారు. నేనూ చెయ్యి చాపాను. మంచు, మచ్చ. "గ్యాప్ ఎక్కువే" అన్నాను.

హాజీ ఒమాన్ లేచి వచ్చి చూశాడు. ఆయనకి అరవై దాటాయి, జేబులోంచి జోడు తీసి పెట్టుకున్నాడు, సిగ్గుపడలేదు. "పింగాణీ పైనుంచి కింది దాకా చీలి ఉంది కదరా" అన్నాడు.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరం.

ఎంకుస్ నేల చూస్తూ నిలబడ్డాడు. చేతులు ఏం చెయ్యాలో తెలీనట్టు ప్యాంటుకి తుడుచుకున్నాడు. చాలా ఏళ్ళుగా ఈ రోజు కోసం ఎదురుచూశాను. వాడు నలుగురిలో ఇలా నిలబడాలని. తీరా నిలబడితే, వాడి పక్కన అదే వరసలో నేనూ నిలబడి ఉన్నాను.

"ప్లగ్గులు పెట్టేది లిలిస్" అన్నాడు ఎంకుస్. "నేను కాదు. మూడేళ్ళ నుంచి."

ఎవరో వినబడలేదన్నారు. హాజీ ఒమాన్ వినబడిందిలే అని వాణ్ణి కసిరాడు.

లిలిస్ మొహంలో గెలిచిన గుర్తేమీ లేదు. "సరే. ఇక పో. నాకు పనుంది" అంది.

వస్తానన్నావుగా అన్నాడు.

"దీనికేమైందో చెప్తే వస్తానన్నాను. చెప్పలేదుగా. పేరు టెర్మినల్లో చెప్పమన్నాను, ఇక్కడ చెప్పావు. అది బాకీ. తీరింది."

కిందికి తిరిగి వస్తుంటే ముందు సీటులో కూర్చున్నాడు. వద్దనలేదు. దారిలో ఒకే మాట అన్నాడు: "గుడ్డి గాడిద అని అది అనలేదంట."

"లేదు. నేనే" అన్నాను.

అక్టోబర్ 17

టీ కొట్టు వైపు వెళ్ళకుండా ట్రిప్పులు కొట్టాను.

అక్టోబర్ 26. ఆదివారం

రేపటి నుంచి ఉపవాసాలు. హాజీ ఒమాన్ లైను మీటింగ్ పెట్టాడు. నా నంబరు నాకే ఉంటుందట. మొదటిది అది. రెండోది, మా బండ్ల ప్లగ్గులన్నీ చికాజంగ్‌లో లిలిస్ దగ్గరే. బ్రేకులు, క్లచ్చులు, కింద పడుకుని చేసే పనులన్నీ ఎంకుస్ దగ్గర. ఆడదాని చెయ్యి అని ఒకడు గొణిగాడు. నీ బండి ఎక్కుడులో నెట్టడానికి నేను రాను అన్నాడు హాజీ. వాడు కూర్చున్నాడు.

లిలిస్‌కి నేనే చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు. "నీ బండి మాత్రం శుక్రవారాల్లో తీసుకురా. మిగతా రోజులు నీ మొహం చూసే ఓపిక లేదు" అంది.

నాకూ అంతే అన్నాను.

నవంబర్ 21. శుక్రవారం

పండగ రద్దీ. టాప్ మీద కూడా మనుషులు. ఆగలేదు. ఎక్కడా ఆగలేదు.

ఎంకుస్ ఇప్పుడు ప్రతి గురువారం పైకి వస్తున్నాడు. లిలిస్ వాళ్ళమ్మ కుక్కని కట్టేస్తోంది. అంతవరకే. వాకిట్లో కూర్చోబెట్టి, పొద్దుగూకితే ఉపవాసం విడవడానికి ఖర్జూరం పెట్టి, ఆఖరి బండికి తిప్పి పంపేస్తున్నారు. ఇంకెన్నాళ్ళు అని అడిగితే లిలిస్ నాకేసి చూసి, "నీకేం తొందర, వాణ్ణి వెనక్కి తీసుకుంటావా ఏంటి?" అంది.

బండి తలుపు కొంచెం గట్టిగానే పడింది.

డిసెంబర్ 3. బుధవారం

గేటు దగ్గర ఎంకుస్ ఆపాడు. ముక్కు మీద కళ్ళజోడు, తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. అడక్కుండానే సీటెత్తి ఒక ప్లగ్గు తీసి చూశాడు. లిలిస్ బాగా పెట్టింది అన్నాడు. తర్వాత తలెత్తి, అదే జోడుతో, నా మొహం చూశాడు.

"ఎప్పుడు ముసలిదానివైపోయావే ఇమాస్?"

జోడు లాక్కున్నాను. పెట్టుకుని వాడి మొహం చూశాను. చాలాసేపు చూశాను.

జోడు తిరిగి ఇవ్వకుండానే బండెక్కాను.